కంపెనీ సెట్టు పీకక్కర్లేదు, ఆక్స్ సాకెట్ ఒకటి పెట్టుకుంటే చాలు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం పాత కార్లకి కొత్త హంగులు అని మీ పేపర్లో ఒక పేజీ వేశారు కదా, సీటు కవర్లు, హెడ్‌లైట్ బల్బులు, రివర్స్ కెమెరా గురించి అంతా బాగానే రాశారు, కానీ పాటల దగ్గరికొచ్చేసరికి ఒక్క ముక్కలో తేల్చేశారు. ఫోన్లో పాటలు కార్లో వినాలంటే పాత స్టీరియో తీసేసి ఆండ్రాయిడ్ టచ్ స్క్రీన్ పెట్టించుకోవాలి అని. పెట్టించుకోవాలనుకునేవాళ్ళు పెట్టించుకోనివ్వండి, కాదన్ను, కానీ అదొక్కటే దారి అన్నట్టు రాయడం మాత్రం కరెక్ట్ కాదండి. కంపెనీ నుంచి వచ్చిన సెట్టు బాగా పనిచేస్తుంటే దానికి ఒక ఆక్స్ సాకెట్, అంటే ఫోన్ నుంచి వచ్చే తీగ గుచ్చుకునే రంధ్రం, పెట్టుకోవచ్చు, ఖర్చు వందల్లోనే తేలిపోతుంది, డాష్‌బోర్డు మీద కత్తి పడదు. ఆ సంగతి ఒక్క లైనైనా రాయాల్సింది.

నేను చెన్నై పెరంబూర్లో ఉంటాను, ఉద్యోగం వేరే, కానీ టేప్ రికార్డర్లు రేడియోలు విప్పి చూడటం చిన్నప్పట్నుంచి పిచ్చి. నాన్న కొన్న 2003 మోడల్ కారు ఇంకా మా ఇంట్లో నడుస్తోంది, దాంట్లో ఉన్నది కంపెనీ క్యాసెట్ సెట్టే, అందులోంచే ఫోన్ పాటలు వస్తున్నాయి. కాబట్టి ఊరికే విని రాస్తున్నది కాదు.

అసలు ఆ పాత సెట్లో లోపం ఏంటో ఒక్కసారి ఆలోచించండి. ట్యూనర్ బాగుంది, రేకు డబ్బాలో మూసి పెట్టిన ట్యూనర్లు అవి, మన మౌంట్ రోడ్డు ట్రాఫిక్‌లో కూడా స్టేషన్ని గట్టిగా పట్టుకుంటాయి. ఆంప్లిఫయర్ బాగుంది, ఆ కాలం సెట్లు చాలావాటిల్లో టీడీఏ7384 లాంటి నాలుగు చానళ్ల ఐసీలు (చిప్పులు) వాడారు, ఇప్పుడు అమ్మే చవక టచ్ స్క్రీన్లలో ఉండేవి కూడా ఆ కుటుంబం ఐసీలే, డబ్బా మీద మాత్రం ఎన్ని వాట్లని రాస్తారో మీకు తెలుసు. లేనిదల్లా బయటి నుంచి పాట లోపలికి వెళ్ళడానికి దారి, అంతే. దానికోసం మొత్తం సెట్టు పీకేయడం అంటే ఇంటికి కిటికీ లేదని ఇల్లు కూలగొట్టుకోవడమే కదా.

పైగా పీకితే వచ్చే తలనొప్పులు ఎవరూ ముందు చెప్పరు. పాత సెట్లు చాలావరకు ఒక డిన్ సైజువి, వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50, ఇప్పటి ఏడంగుళాల స్క్రీన్‌కి రెండు డిన్‌ల చోటు కావాలి అంటే ఎత్తు 100, ఆ చోటు లేకపోతే కింద అరని కోసేస్తారు, కొన్ని కార్లలో ఏసీ నాబ్‌ల దాకా ప్లాస్టిక్ కోస్తారు. కొన్ని కార్లకి గడియారం కూడా సెట్లోనే ఉంటుంది, అదీ పోతుంది. ఇంకొన్ని కార్లలో, ముఖ్యంగా యూరప్ కంపెనీల వాటిల్లో, యాంటెన్నా కింద చిన్న బూస్టర్ ఉంటుంది, దానికి కరెంటు సెట్టు నుంచే యాంటెన్నా తీగలో వెళ్తుంది, కొత్త సెట్టు పెట్టేవాడికి అది తెలియకపోతే ఎఫ్‌ఎం గరగర అంటుంది, అప్పుడు యాంటెన్నా పాడైంది సార్ మార్చాలి అంటాడు, మనం దానికీ డబ్బు కడతాం.

జనరల్ ప్యాటర్స్ రోడ్డులో ఒక షాపుకి వెళ్ళి ఆక్స్ పెడతారా అని అడిగి చూశాను, పేరు అనవసరం, ఏ షాపులో అడిగినా ఇంచుమించు ఇదే మాట, "అదంతా ఇప్పుడు ఎవరు చేస్తారు సార్, దాని పార్టులే దొరకవు, తీసి పడేయండి" అన్నాడు. పార్టులంటే ఏంటండీ, ఒక సాకెట్, రెండు కెపాసిటర్లు, మీటరు షీల్డ్ వైరు (లోపలి తీగ చుట్టూ లోహపు అల్లిక ఉండేది). అవి దొరక్కపోవడం ఏంటి, అక్కణ్ణుంచి నడిచి వెళ్ళే దూరంలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్ ఉంది. ఆ అబ్బాయిని పూర్తిగా తప్పుపట్టలేను లెండి, సెట్టు విప్పి సోల్డరింగ్ చేసి మళ్ళీ బిగించడానికి సగం రోజు పోతుంది, మనం ఇచ్చేది ఎంత, అదే టైములో రెండు స్క్రీన్లు అమ్ముకుంటాడు. వ్యాపారం అంతే. కానీ పేపరు వాళ్ళు కూడా షాపువాడి మాటే రాస్తే ఎలా.

మా వీధిలో ఒకాయన స్క్రీన్ పెట్టించుకున్నారు, ఆ తర్వాత ఎండాకాలంలో ఒక వైపు స్పీకర్లు ఆగిపోతే నన్ను పిలిచారు. స్క్రీన్ బయటికి లాగితే వెనకాల కంపెనీ కప్లర్ (తీగలన్నీ ఒకేసారి గుచ్చే ప్లగ్గు) లేదు, కోసి పారేశారు, తీగలన్నీ మెలిపెట్టి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టారు, మే నెల ఎండకి ఆ టేపు జిగురు కరిగి చేతికి తారులా అంటుకుంటోంది, చుట్టు ఊడి రాగి బయటికొచ్చి రెండు స్పీకర్ తీగలు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. స్పీకర్ తీగలు కాబట్టి ఐసీ తనంతట తను ఆఫ్ అయ్యి ఊరుకుంది, అదే ఎప్పుడూ 12 వోల్టులు ఉండే తీగ బాడీకి తగిలి ఉంటే ఏమయ్యేది, అక్కడ సరైన ఫ్యూజు కూడా లేదు. కంపెనీ కప్లర్‌కి తగ్గ అడాప్టర్ వైరింగ్ మార్కెట్లో దొరుకుతుంది, అది వాడితే ఒక్క తీగ కూడా కోయక్కర్లేదు, కానీ దానికి ఇంకాస్త ఖర్చు, ఎవరూ అడగరు, వాళ్ళూ పెట్టరు.

సరే, అసలు విషయానికొస్తాను. విప్పకుండా అయ్యే పనులు కూడా ఉన్నాయి, ముందు అవి. సిగరెట్ లైటర్‌లో గుచ్చితే ఫోన్ పాటని ఎఫ్‌ఎం స్టేషన్‌లా సెట్టుకి పంపే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ చాలామంది కొనే ఉంటారు, తప్పులేదు కానీ చెన్నైలో దానికి చోటేదీ. మన దేశంలో ఎఫ్‌ఎం మొదలైందే ఈ ఊళ్ళో, 1977 జులై 23న మద్రాసులో, ఇప్పుడు చూస్తే 91.1, 92.7, 93.5, 98.3, 101.4, 102.3, 106.4 ఇలా డయల్ అంతా నిండిపోయింది, ఉన్న బ్యాండేమో 87.5 నుంచి 108 వరకే. ఖాళీ ఫ్రీక్వెన్సీ వెతుక్కుని పెట్టుకున్నా తడ దాటి నెల్లూరు వైపు వెళ్తుంటేనో, తిరుత్తణి మీదుగా తిరుపతి వెళ్తుంటేనో అక్కడ ఇంకో స్టేషన్ ఉండొచ్చు, అప్పుడు ఒకే చోట రెండు సిగ్నళ్లు పడితే ఎఫ్‌ఎం రిసీవర్ బలంగా ఉన్నదాన్నే పట్టుకుని రెండోదాన్ని నొక్కేస్తుంది, పాట మధ్యలో ఎవరో ప్రకటన చదువుతారు. దానికి తోడు ఎఫ్‌ఎం స్టీరియోలో 15 కిలోహెర్ట్జ్ పైన ఉండే శబ్దం అసలు వెళ్ళదు, 19 దగ్గర, ఇది స్టీరియో అని సెట్టుకి చెప్పే పైలట్ టోన్ కూర్చుని ఉంటుంది కాబట్టి. తాళం, మంజీర, ఆ మెరుపు తగ్గుతుంది. వార్తలు వినడానికి, మాటలకి పర్వాలేదు.

క్యాసెట్ సెట్టు ఉన్నవాళ్ళకి దానికన్నా మంచిది క్యాసెట్ అడాప్టర్. చూడ్డానికి క్యాసెట్టే, లోపల టేపు ఉండదు, సెట్టు హెడ్‌కి (టేపుని చదివే ముక్కకి) ఎదురుగా ఇంకో హెడ్ ఉంటుంది, ఫోన్ నుంచి వచ్చిన శబ్దం అయస్కాంతంగా మారి అవతలి హెడ్‌కి అందుతుంది, కాస్త తెలివైన వస్తువు. 1963లో ఫిలిప్స్ వాళ్ళు తెచ్చిన క్యాసెట్ కొలతలు మారలేదు కాబట్టి ఏ సెట్లోనైనా పడుతుంది. దీనితో రెండు తిప్పలు. ఒకటి, హెడ్ కొంచెం వంకరగా ఉంటే శబ్దం మొద్దుబారుతుంది, హెడ్ పక్కన స్ప్రింగ్ ఉన్న చిన్న స్క్రూ కొద్దిగా తిప్పితే తెరుచుకుంటుంది, పాట వింటూ తిప్పాలి. సెట్లో టేపు బుస తగ్గించే డాల్బీ బటన్ ఉంటే ఆపేయాలి, లేకపోతే పై శబ్దాలన్నీ కోసేస్తుంది, చాలామంది ఇది తెలియక అడాప్టర్ బాలేదని తిట్టుకుంటారు. రెండోది ఆటో రివర్స్ సెట్లు, లోపల చక్రం సరిగ్గా తిరగకపోతే టేపు అయిపోయిందనుకుని టక్కు టక్కుమని అటూ ఇటూ మారుస్తూనే ఉంటాయి. చవక అడాప్టర్లలో పళ్ళ చక్రాలు గరగరమంటాయి, పాట ఆగినప్పుడల్లా ఆ చప్పుడు వినిపిస్తుంది. ఒక్క మాట, పార్కింగ్‌లో దాన్ని డాష్‌బోర్డు మీద ఎండలో వదిలేయకండి, వంగిపోతే మళ్ళీ బయటికి రాదు.

సీడీ ఛేంజర్ (చాలా సీడీలు పట్టి మార్చి మార్చి వేసే పెట్టె) పోర్టు ఉన్న సెట్లవాళ్ళు అదృష్టవంతులు. వెనకాల పవర్ కప్లర్, స్పీకర్ కప్లర్ కాకుండా మూడోది ఇంకొకటి ఉంటుంది, చిన్న చిన్న పిన్నులతో, డిక్కీలో పెట్టే ఛేంజర్ కోసం. చాలా యూరప్ సెట్లలో 18వ పిన్ను ఆడియో గ్రౌండ్ (శబ్దం తిరిగి వెళ్ళే మైనస్ దారి), 19 లెఫ్ట్, 20 రైట్, అయినా సెట్టు మీద స్టిక్కర్ బొమ్మ చూడకుండా తీగ పెట్టొద్దు. అయితే తీగలు పెట్టగానే పాట రాదు, ఎందుకంటే ఛేంజర్ నేనున్నానని పలికితేనే సెట్టు ఆ దారి తెరుస్తుంది, దానికోసం ఛేంజర్‌లా నటించే చిన్న డబ్బా ఒకటి వస్తుంది, ఆ సెట్టుకి తగ్గది చూసి తెప్పించుకోవాలి. డబ్బు ఉంటే ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి లేదు, సెట్టు విప్పే పనే లేదు.

ఇవేవీ కుదరనప్పుడు సెట్టు విప్పాలి. ఇక్కడే అందరూ పొరపడేది, ఇక్కడే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది.

కొంతమంది క్యాసెట్ హెడ్ తీగల దగ్గర ఫోన్ తీగ కలిపేస్తారు, తెలిసిన చోటు అదొక్కటే కాబట్టి. హెడ్ నుంచి వచ్చేది ఒక మిల్లీవోల్టు కూడా ఉండదు, ఫోన్ ఇచ్చేది దాదాపు సగం వోల్టు, వాల్యూమ్ పెంచితే ఇంకా ఎక్కువ, అంటే వెయ్యి రెట్లు. పైగా హెడ్ తర్వాత ఉండే, సన్నటి సిగ్నల్‌ని పెంచే ప్రీఆంప్ టేపు కోసం చేసింది, టేపు మీద బాస్ తక్కువగా వస్తుంది కాబట్టి అది బాస్‌ని బాగా పెంచుతుంది. అక్కడ ఫోన్ కలిపితే పెళ్ళిపందిట్లో పగిలిన లౌడ్‌స్పీకర్ శబ్దం వస్తుంది. కలపాల్సింది ప్రీఆంప్ తర్వాత, వాల్యూమ్‌కి ముందు.

ఇంకొంతమంది ఇంకా దారుణం, స్పీకర్ తీగల దగ్గర కలుపుతారు. ఈ సెట్లలో స్పీకర్ మైనస్ తీగ బాడీ ఎర్త్ కాదండి, దయచేసి గుర్తుపెట్టుకోండి, బ్రిడ్జి పద్ధతిలో రెండు తీగలూ ఐసీ నుంచే వస్తాయి, రెండింటి మీదా బ్యాటరీలో సగం, అంటే 6 వోల్టుల పైన డీసీ ఉంటుంది. దానికి ఫోన్ గ్రౌండ్ తగిలించారంటే ఐసీ అయినా పోతుంది, ఫోన్ అయినా పోతుంది.

మరి ఎక్కడ. చాలా పాత సెట్లలో వాల్యూమ్ నాబ్ నిజంగా మూడు కాళ్ళ పొటెన్షియోమీటరే, లెఫ్ట్‌కి మూడు, రైట్‌కి మూడు, అందులో సిగ్నల్ వచ్చే కాలు పట్టుకుంటే పని అయిపోయినట్టే. 90ల చివర్నుంచి వచ్చిన సెట్లలో నాబ్ తిప్పితే ప్రాసెసర్‌కి కబురు మాత్రమే వెళ్తుంది, అసలు వాల్యూమ్, బాస్, ట్రెబుల్ అన్నీ టీడీఏ7313 లాంటి ఒక సౌండ్ ఐసీలో జరుగుతాయి. దానికి మూడు స్టీరియో ఇన్‌పుట్లు ఉంటాయి, రేడియోకి ఒకటి, టేపుకి ఒకటి పోను మూడోది ఖాళీగా ఉన్నా ఆశపడకండి, ఏ ఇన్‌పుట్ వినాలో ఆ ఐసీకి ప్రాసెసర్ చెప్పాలి, ప్రాసెసర్లో ఆ మాట రాసి లేకపోతే మనం ఎంత మొత్తుకున్నా మూడోది తెరుచుకోదు. అందుకే రేడియో ఇన్‌పుట్‌నే అరువు తీసుకోవాలి.

ట్యూనర్ డబ్బా నుంచి సౌండ్ ఐసీకి వెళ్ళే దారిలో లెఫ్ట్‌కి ఒకటి రైట్‌కి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి, ఐసీ కాళ్ళ మీద కొన్ని వోల్టుల డీసీ ఉంటుంది కాబట్టి దాన్ని అడ్డుకోవడానికి. ఆ కెపాసిటర్ ట్యూనర్ వైపు కాలు పైకి లేపి, ట్యూనర్ నుంచి వచ్చేది ఒక తీగలో బయటికి తీసి, సాకెట్‌లోంచి తిప్పి, మళ్ళీ కెపాసిటర్ కాలికి తెచ్చి కలపాలి. ఇలాగైతే కొత్త కెపాసిటర్ కూడా అక్కర్లేదు, వేరే చోట కలిపేవాళ్ళు మాత్రం 2.2 నుంచి 10 మైక్రోఫారడ్ మధ్యలో ఒకటి వేసి ప్లస్ కాలు ఐసీ వైపు పెట్టాలి. సాకెట్ కొనేటప్పుడు స్విచ్ ఉన్న 3.5 స్టీరియో సాకెట్ అని అడగండి, ఐదు కాళ్ళు ఉంటాయి. పిన్ను గుచ్చనంతసేపు లోపలి రేకులు తాకి ఉంటాయి కాబట్టి రేడియో మామూలుగా పలుకుతుంది, పిన్ను గుచ్చగానే రేకు పక్కకి జరిగి ట్యూనర్ తెగిపోతుంది, ఫోన్ పాట లోపలికి వెళ్తుంది. పిన్ను కొన లెఫ్ట్, మధ్య రింగు రైట్, మొదలు గ్రౌండ్, 1979లో సోనీ వాక్‌మన్‌తో ఇంటింటికీ చేరిన పిన్నే ఇది. స్విచ్ లేని సాకెట్ పెట్టి ట్యూనర్‌నీ ఫోన్‌నీ ఒకే తీగకి కలిపేయడం కూడా చూశాను, రెండూ ఒకదాన్నొకటి లాక్కుని రెండూ సన్నగా వినిపిస్తాయి, ఆపైన సెట్టు బాలేదంటారు.

పాట వినేటప్పుడు సెట్టుని ఎఫ్‌ఎంలో కాకుండా ఏఎంలో పెట్టండి. ఎఫ్‌ఎంలో స్టేషన్ బలహీనంగా ఉంటే గరగర వినపడకుండా సెట్టే మ్యూట్ చేస్తుంది, ఆ మ్యూట్ మన పాట మీద కూడా పడొచ్చు, ఏఎంలో ఆ బాధ తక్కువ, చాలా సెట్లలో ఏఎం కూడా అదే తీగల్లోంచి సౌండ్ ఐసీకి వెళ్తుంది. మన పాట స్టీరియోలోనే వస్తుంది, ఏఎం కదా మోనో అవుతుందేమో అని భయం వద్దు, ట్యూనర్ అప్పటికే తెగిపోయి ఉంటుంది.

తీగ మాత్రం షీల్డ్ వైరే వాడాలి, ఆ షీల్డ్ సెట్లో సౌండ్ ఐసీ పక్కన ఉండే ఆడియో గ్రౌండ్‌కే కలపాలి, బయటి రేకుకి స్క్రూ కింద బిగించేస్తే ఇంజన్ శబ్దం మోసుకొస్తుంది. సాకెట్ కోసం డాష్‌బోర్డుకి బొక్క పెట్టకండి, పాత కార్లలో వాడని స్విచ్‌ల చోట ఖాళీ ప్లాస్టిక్ మూతలు ఉంటాయి, అది ఊడదీసి దానికి బొక్క పెట్టుకుంటే రేపు కావాలంటే పాత కార్ల సామాన్లు అమ్మే పుదుపేటలో అలాంటి మూత ఇంకొకటి దొరుకుతుంది. ఆష్ ట్రే లోపల పెట్టుకున్నా బాగుంటుంది, తీగ బయటికి కనపడదు.

ఇంత చేశాక అందరూ పెట్టే ఫిర్యాదు ఒకటే, పాట వెనకాల కుయ్యిమని సన్నటి కూత, యాక్సిలరేటర్ తొక్కితే కూత కూడా పెరుగుతుంది. ఆల్టర్నేటర్ కూత అంటారు. ఫోన్‌ని లైటర్ సాకెట్ చార్జర్‌కి పెట్టి, అదే టైములో ఆక్స్ కూడా గుచ్చితేనే ఎక్కువగా వస్తుంది, చార్జర్ తీసేస్తే ఆగిపోతుంది, కావాలంటే చూసుకోండి. ఫోన్ గ్రౌండ్ రెండు దారుల్లో కారు బాడీని చేరుతోంది, చార్జర్ గుండా ఒకటి, ఆక్స్ గుండా ఒకటి, ఆ రెండు చోట్లకీ మధ్య ఉండే చిన్న వోల్టేజీ తేడా పాటలో కలుస్తుంది. దీనికి షాపులో ఫిల్టర్ అని పవర్ తీగలో ఏదో పెద్ద కాయిల్ పెడతారు, అది చాలాసార్లు పనిచేయదు. గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న డబ్బీ దొరుకుతుంది, లోపల రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు, తీగలు తగలకుండా శబ్దాన్ని మాత్రమే దాటిస్తాయి, ఆక్స్ తీగ మధ్యలో పెడితే కూత ఆగిపోతుంది. మరీ చవకది కొంటే బాస్ కూడా తినేస్తుంది, ఆ చిన్న ఇనుప ముక్క కింది శబ్దాల్ని మోయలేదు.

ఇప్పుడు సగం ఫోన్లలో ఆ గుండ్రటి రంధ్రమే లేదు కదా అంటారు. నిజమే, 2016లో ఐఫోన్ 7తో యాపిల్ తీసేసింది, తర్వాత చాలామంది అదే దారి. టైప్ సీ నుంచి 3.5కి మార్చే చిన్న తీగ కొనేటప్పుడు డాక్ (ఫోన్‌లోని డిజిటల్ పాటని మామూలు ఆడియోగా మార్చే చిప్పు) ఉన్నదని అడిగి తీసుకోండి, డాక్ లేనివి చాలా ఫోన్లలో పలకవు. లేదంటే అదే సాకెట్‌కి ఒక బ్లూటూత్ రిసీవర్ గుచ్చుకోండి. పర్మనెంటుగా సెట్టు వెనకాలే బ్లూటూత్ బోర్డు పెడదామనుకునేవాళ్ళు 5 వోల్టుల సప్లై తాళం తిప్పితేనే వచ్చే తీగ నుంచి తీసుకోవాలి, గడియారం కోసం ఎప్పుడూ ఉండే తీగ నుంచి కాదు. బోర్డు 30 మిల్లీయాంపియర్లు తాగినా రోజుకి 0.72 యాంపియర్ అవర్, నెల రోజులు కారు తీయకపోతే 21 దాటుతుంది, చిన్న కార్ల బ్యాటరీ 35, ఇంక పొద్దున్నే తోయించుకోవాల్సిందే. బ్లూటూత్ బోర్డుకి కూడా ఆ కూత వస్తుంది, అదే గ్రౌండ్ కథ, ఇన్‌పుట్ అవుట్‌పుట్ గ్రౌండ్లు విడివిడిగా ఉండే ఐసోలేటెడ్ 5 వోల్ట్ కన్వర్టర్ అని నాలుగు కాళ్ళ చిన్న ముక్క దొరుకుతుంది, అది పెడితే శుభ్రంగా పోతుంది.

సెట్టు బయటికి తీసేముందు ఒక జాగ్రత్త, దీన్ని మాత్రం లైట్ తీసుకోవద్దు. కొన్ని సెట్లు బ్యాటరీ తీగ ఊడదీసి మళ్ళీ పెడితే కోడ్ అడుగుతాయి, దొంగతనం జరగకుండా పెట్టింది అది. ఆ నంబరు కారు కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో చిన్న కార్డు మీద ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళకి ఆ కార్డు సాధారణంగా ఉండదు, కాబట్టి ముందు అది చేతిలో ఉందో లేదో చూసుకుని అప్పుడు పాన పట్టుకోండి, ఊహించి కొడుతూ పోతే కొన్ని సెట్లు గంటసేపు లాక్ అయిపోతాయి. ముందు భాగంలో రెండు వైపులా చిన్న రంధ్రాలుంటే యూ ఆకారం కీలు గుచ్చి లాగాలి, స్క్రూడ్రైవర్‌తో పెకిలిస్తే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ విరుగుతుంది.

చేతకాని వాళ్ళు ఏం చేయాలి అంటారేమో. కార్ షాపుకి వెళ్ళకండి, సెట్టు మాత్రం ఊడదీయించుకుని సంచిలో వేసుకుని రిచీ స్ట్రీట్‌కి వెళ్ళండి. మేడ మెట్ల కింద, ఒక మనిషి కూర్చునే చోట ఆంప్లిఫయర్లు, టీవీ బోర్డులు బాగుచేసేవాళ్ళు ఇంకా ఉన్నారు, అందులో తెలుగు మాట్లాడేవాళ్ళూ ఉన్నారు, సైదాపేట తెలుగు, నెల్లూరు తెలుగు అన్నీ వినపడతాయి. "ట్యూనర్ అవుట్‌పుట్ కట్ చేసి స్విచ్ సాకెట్లోంచి తిప్పాలి అణ్ణా" అని ఈ ఒక్క ముక్క చెబితే చాలు, వాళ్ళకి మిగతాది అర్థమైపోతుంది. అడిగినదానికి సమాధానం చెప్పకుండా ముందే సోల్డరింగ్ ఐరన్ పట్టుకునేవాడి దగ్గర మాత్రం ఇవ్వకండి. సెట్టు మోడల్ నంబరుతో సర్వీస్ మాన్యువల్ నెట్‌లో వెతికి ఆ పేజీ ప్రింటు తీసుకెళ్తే పని సగం తగ్గుతుంది, పాపం వాళ్ళకీ వెతుకులాట తప్పుతుంది. భయంగా ఉంటే పుదుపేటలో అదే మోడల్ పాత సెట్టు ఒకటి తీసుకుని దానిమీద చేయించుకోండి, మీ అసలు సెట్టు అటకమీద భద్రంగా ఉంటుంది.

డ్రైవ్ చేస్తూ ఫోన్ చేత్తో పట్టుకోవడం మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తర్వాత ప్రమాదకర డ్రైవింగ్ కిందికే వస్తుంది, ఆక్స్ ఉన్నా లేకపోయినా పాట మార్చాలంటే పక్కన కూర్చున్నవాళ్ళకి ఇవ్వండి. నిజం చెప్పాలంటే ఈ ఒక్క విషయంలో ఏడంగుళాల స్క్రీన్ కన్నా పాత సెట్టే మేలు, వాల్యూమ్ నాబ్ ఎక్కడుందో చూడకుండానే చెయ్యి వెళ్తుంది.

ఎడిటర్ గారూ, టచ్ స్క్రీన్ ప్రకటనలు మీ పేపర్‌కి వస్తాయని నాకూ తెలుసు, వాళ్ళ పొట్ట కొట్టమని అడగటం లేదు. ఇంకోసారి ఆ పేజీ వేసేటప్పుడు స్క్రీన్ పెట్టించుకునేవాళ్ళ కోసమైనా రెండు లైన్లు వేయండి, కప్లర్ కోయనివ్వొద్దని, అడాప్టర్ వైరింగ్ అడగమని, పాత సెట్టు షాపులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోమని. వదిలేసిన సెట్లు ఎక్కడికి పోతాయో ఆదివారం పుదుపేట ఫుట్‌పాత్ మీద చూస్తే తెలుస్తుంది, కోసిన కప్లర్ ముక్క ఇంకా వేలాడుతూనే ఉంటుంది. ఆక్స్ గురించి విడిగా వేసే ఉద్దేశం ఉంటే ఐదు కాళ్ళ సాకెట్‌లో ఏ కాలికి ఏ తీగ వెళ్ళాలో పెన్నుతో బొమ్మ గీసి పంపిస్తాను, నా గీతలు అంత బాగుండవు, మీ ఆర్టిస్టు చేత శుభ్రంగా వేయించుకోండి, లెఫ్టూ రైటూ మాత్రం తారుమారు కాకుండా ఒకసారి నాకు చూపించి వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
పెరంబూర్, చెన్నై